తాగుడు ఒక వార్డు, మనాది ఒక వార్డు: మధ్యలో మన మనిషి

ఆయన మునిసిపాలిటీలో కాంట్రాక్టు మీద పనిచేసే పారిశుద్ధ్య కార్మికుడు. వయసు నలభై లోపే. ఏడాదిగా రాత్రిళ్లు నిద్ర లేదు. ఎవరో చెవి పక్కన నిలబడి తిడుతున్నట్టు మాటలు వినిపిస్తాయి. పొద్దున్నే ఒక క్వార్టర్ పడితే గానీ చెయ్యి వణకడం ఆగదు. భార్య కూలి మానుకొని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. మానసిక వైద్యం ఓపీలో "ముందు తాగుడు మాన్పించి తీసుకురామ్మా" అన్నారు. అప్పు చేసి ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌కు తీసుకెళ్తే "మతి సరిగా లేనివాళ్లను మేం చేర్చుకోం, ముందు పిచ్చి డాక్టరుకు చూపించండి" అన్నారు. దళితవాడల్లో మా క్షేత్ర పరిశోధన సాగినంత కాలం, మనుషులు మారినా ఈ కథ మారలేదు.

ఒకే మనిషిలో మానసిక రుగ్మత, మత్తు పదార్థం మీద ఆధారపడటం కలిసి ఉంటే వైద్యులు డ్యూయల్ డయాగ్నసిస్ అంటారు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కాబట్టి ఈ వ్యాసంలో జంట రుగ్మత అంటున్నాం. డిప్రెషన్‌తో మద్యం, స్కిజోఫ్రీనియాతో గంజాయి, ఆందోళన రుగ్మతతో నిద్రమాత్రలు ఇలా జతకడతాయి. గుట్కా, బీడీ దాదాపు అన్నింటికీ తోడుంటాయి.

ఏది ముందు, ఏది వెనుక అన్నది కుటుంబాలు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న. మూడు దారులున్నాయి. బాధను, నిద్రలేమిని, చెవిలో మాటలను అణచడానికి మనిషి తాగడం మొదలుపెట్టవచ్చు. లేదా ఏళ్ల తరబడి తాగుడే మెదడు పనితీరును మార్చి డిప్రెషన్‌ను, భ్రాంతులను తెచ్చిపెట్టవచ్చు. మూడో దారిలో రెండింటికీ వేరు ఒకటే ఉంటుంది: చిన్ననాటి హింస, ఆకలి, అవమానం, కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే బలహీనత. ఆసుపత్రికి వచ్చే సమయానికి ఈ మూడూ చిక్కుపడిపోయి ఉంటాయి. అందుకే "ముందు ఇది మాన్పించి రండి" అనే మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. చట్టంలోనూ లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మానసిక అనారోగ్యాన్ని నిర్వచించే చోటే మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా కలిపింది. రెండు వార్డుల మధ్య గోడ ఆసుపత్రి కట్టుకున్నదే.

"వాడ అంటేనే తాగుడు" అనే మాట

ఈ విషయం రాయడానికి మాకు ఒక సంకోచం ఉంది. దళితులు తాగుతారు అన్నది ఈ దేశంలో అగ్రకులాలు తరతరాలుగా వాడుతున్న నింద. కూలి పెంచమంటే "ఇస్తే తాగేస్తారు" అంటారు. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోతే "తాగి దిగాడు" అనే మాట శవం పైకి రాకముందే పుడుతుంది. ఊరి ప్రెసిడెంటు గారి మేడ మీద తాగేది సరదా అవుతుంది, వాడలో తాగేది గుణం అవుతుంది. ఈ నిందకు భయపడి మన సంఘాలు చాలాకాలం ఈ విషయాన్ని పక్కన పెట్టాయి. కానీ మౌనం వల్ల నింద ఆగలేదు, వైద్యమూ అందలేదు.

కులానికీ మనసు ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద లెక్కలు తక్కువే గానీ లేకపోలేదు. ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ప్రచురించిన పరిశోధనలో అగ్రకుల హిందువుల కంటే దళితులు, ముస్లింలు ఎక్కువ ఆందోళన, కుంగుబాటు చెప్పుకున్నారని తేలింది. ఆస్తి, చదువులో తేడాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా ఆ అంతరం పూర్తిగా పోలేదు. అంటే పేదరికం ఒక్కటే కారణం కాదు.

పని కూడా కారణమే. సెప్టిక్ ట్యాంకులో, మురుగు కాలువలో దిగే మనిషి తాగకుండా దిగలేనని చెబుతాడు. ఆ వాసన, ఆ స్పర్శ, ఆ తర్వాత ఇంట్లో అన్నం ముద్ద ఎత్తలేకపోవడం గురించి చెబుతాడు. ఇక్కడ మద్యం ఒక పనిముట్టు. సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో ఈ పనే చేసిన కుటుంబంలో పుట్టారు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. బతికుండి రోజూ దిగి, రోజూ తాగి, నలభై ఏళ్లకే కాలేయం, మనసు రెండూ పాడైన మనిషికి మాత్రం ఏ లెక్కలోనూ చోటు లేదు.

ఉన్నట్టుండి మానేస్తే

ఈ వ్యాసంలో కార్యకర్తలు ఒక్క భాగమే గుర్తుపెట్టుకోగలిగితే, అది ఇదే కావాలని మా కోరిక. మద్యం మీద శరీరం ఆధారపడిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం పోవచ్చు. ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే చాలావరకు మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది: మనిషి ఎక్కడున్నాడో తెలియదు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనబడతాయి, జ్వరం, బీపీ పెరుగుతాయి. గాలి సోకిందని, చేతబడి అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేది, మంచానికి తాళ్లతో కట్టేసేది ఈ దశలోనే. ఇది ఎమర్జెన్సీ. 108కి ఫోన్ చేయాల్సిన సమయం.

ఆసుపత్రిలో దీనికి చికిత్స కష్టమైనదేమీ కాదు. డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందులు మొదట తగిన మోతాదులో ఇచ్చి కొన్ని రోజుల్లో తగ్గించుకుంటూ వస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి లోరాజెపామ్ వాడతారు. దాంతోపాటు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్‌గా ఇవ్వాలి. పల్లెల్లో నీరసంగా ఉన్న తాగుడు మనిషికి ఆర్‌ఎంపీ చేసే మొదటి పని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి వెర్నికీ ఎన్‌సెఫలోపతి అనే మెదడు జబ్బు ముదరవచ్చు. నడక తూలడం, కళ్లు సరిగా తిరగకపోవడం, అయోమయం దాని గుర్తులు. అప్పుడు పట్టించుకోకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది. ఊళ్లో "తాగి తాగి మతి పోయింది" అనిపించుకునే వారిలో కొందరిది నిజానికి విటమిన్ లోపం.

తెలంగాణకు ప్రత్యేకమైన ముప్పు ఇంకొకటుంది. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోట కల్లు దుకాణాల్లో అమ్మే కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ కలుపుతారు. తాగే మనిషి కల్లుకు అలవాటు పడ్డాననుకుంటాడు. నిజానికి అలవాటైంది నిద్రమాత్రకు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు పెంచగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వరుస కట్టారు. ఫిట్స్, వింత ప్రవర్తన, మెడలు వంకరపోవడం. కల్లు అమ్మకం ఆపిన వారికి, తాగేవారి ఒంట్లో ఏం జరుగుతుందో చూసే బాధ్యత ఎవరూ అప్పగించలేదు. (ఇందులో తాటిచెట్టెక్కే గీత కార్మికుడిని దోషిగా నిలబెట్టడం అన్యాయం. కలిపేది చెట్టు దగ్గర కాదు, వ్యాపారం దగ్గర.) ఈ ప్రాంతాల నుంచి వచ్చిన రోగి కేస్ షీటులో "కల్లు తాగుతాడు" అని మాత్రమే రాస్తే చికిత్స తప్పుదారి పడుతుంది. ఏ దుకాణం కల్లు, ఎన్ని సీసాలు, ఒకరోజు తాగకపోతే ఏమవుతుంది అన్నవి అడిగి రాయించాలి. నిద్రమాత్రల మోతాదును వారాల తరబడి మెల్లగా తగ్గించాల్సి వస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు ఇదే మళ్లీ జరిగింది. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఆ రోజుల్లో తాగుడు ఆగిపోయినవారు గుంపులుగా వచ్చారు. అదే ఏడాది జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు.

దూబగుంట ఆడవాళ్ల పోరాటాన్ని తక్కువ చేయడం కోసం ఇది చెప్పడం లేదు. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు ముందు నిలబడ్డారు. సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది ప్రభుత్వమే, వారుణివాహిని పేరుతో. ఉద్యమం దెబ్బకు 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోదాన్ని ఎత్తేశారు. ఆ రెండేళ్లలో ఖజానా నష్టం గురించి, దొంగసారా గురించి ఎంతో చర్చ జరిగింది. తాగుడుకు అలవాటుపడిన లక్షల మందికి మండల స్థాయిలో వైద్యం ఎక్కడ అన్న ప్రశ్న మాత్రం ఆ చర్చలో ముందుకు రాలేదు. మద్యం ఆదాయం మీద నడిచే ప్రభుత్వాలు ఆ తర్వాత కూడా దాన్ని ముందుకు రానివ్వలేదు.

రెండింటికీ ఒకేచోట

సరైన పద్ధతి ఏమిటంటే రెండు జబ్బులనూ ఒకే బృందం, ఒకే సమయంలో చూడటం. అమెరికాలో రాబర్ట్ డ్రేక్, ఆయన సహచరులు న్యూ హాంప్‌షైర్‌లో ఈ నమూనాను అభివృద్ధి చేసి చాలా ఏళ్లయింది. మన దగ్గర బెంగళూరు నిమ్హాన్స్ లాంటి పెద్ద సంస్థల్లో మానసిక వైద్యం, వ్యసన వైద్యం ఒకే ఆవరణలో ఉన్నాయి. జిల్లా ఆసుపత్రిలో తరచుగా ఒక్కరే సైకియాట్రిస్టు ఉంటారు. ఒక్కరే కావడం ఒకరకంగా అవకాశం కూడా: రెండూ ఆయనే చూడాలి కదా.

డిప్రెషన్ తాగుడు వల్ల వచ్చిందా, విడిగా ఉన్నదా అని తేల్చడానికి వైద్యులు రెండు నుంచి నాలుగు వారాలు మద్యం లేకుండా గమనిస్తారు. చాలామందిలో ఆ గడువులో కుంగుబాటు తగ్గుతుంది. తగ్గకపోయినా, తాగుడు మొదలవకముందే అలాంటి రోజులు ఉన్నాయని ఇంట్లోవాళ్లు చెప్పినా, అది విడి జబ్బు. చెవిలో మాటల విషయమూ అంతే. మద్యం వల్ల వచ్చే భ్రాంతులు సాధారణంగా రోజుల్లోనో వారాల్లోనో తగ్గుతాయి. స్కిజోఫ్రీనియా అలా తగ్గదు. అయితే ఈ గమనించే కాలం అంటే మందు ఇవ్వకుండా ఇంటికి పంపేయడం కాదు. చచ్చిపోవాలనిపిస్తోందని మనిషి అంటుంటే వారాలు ఆగే ప్రశ్నే లేదు.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకున్నాక మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. తెలిసి, ఒప్పుకొని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకుంటే కొందరికి ఇది పనికొస్తుంది. కానీ మా ఊళ్లలో భర్తకు తెలియకుండా కూరలో, మజ్జిగలో కలపమని పొడులు అమ్ముతారు. అందులో ఏముందో తెలియదు, డైసల్ఫిరామే ఉంటే ఆ రాత్రి తాగొచ్చిన మనిషి చనిపోవచ్చు. పైగా స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు ఉన్నవారిలో ఈ మందు లక్షణాలను పెంచగలదు. తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటివి వేరే ఉన్నాయి. ఒకదానికి కాలేయం, రెండోదానికి మూత్రపిండాలు చూసుకొని ఇస్తారు. బైపోలార్‌కు లిథియం వాడే కూలిమనిషి ఎండలో పనిచేసి, తాగి, వాంతులు చేసుకుంటే ఒంట్లో నీరు తగ్గి ఆ మందే విషమవుతుంది. ఈ మాట చీటీ రాసేటప్పుడే చెప్పే డాక్టర్లను చూశాం, చెప్పని వారినీ చూశాం.

మళ్లీ తాగడం వైద్యం విఫలమైనట్టు కాదు. బీపీ మళ్లీ పెరిగితే రోగిని ఎవరూ తిట్టరు. ఇక్కడ మాత్రం "మేం చెప్పలేదా" అంటారు, మనిషి రావడం మానేస్తాడు.

ఆడవాళ్ల గురించి మాకు తెలిసింది తక్కువ, ఎందుకంటే వాళ్లు ఓపీ దాకా రారు. నాట్లకు వెళ్లే స్త్రీలు ఒళ్లు నొప్పులకు కల్లు తాగడం, బీడీలు చుట్టే స్త్రీలు మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు కొనడం చూశాం. తాగే భర్తను చూసుకునే భార్యకు వచ్చే డిప్రెషన్ ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. అతని వైద్యానికి వచ్చిన రోజే ఆమెను కూడా కూర్చోబెట్టి, నిద్ర పడుతోందా, కొడుతున్నాడా అని అడగడం చికిత్సలో భాగం కావాలి.

చట్టం చేతిలో ఉంటే

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం రుగ్మత ఉన్నవారిలో 86 శాతం మందికి చికిత్స అందడం లేదు. (ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు.) ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో విడుదలైన జాతీయ సర్వే మద్యంపై ఆధారపడిన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారని చెప్పింది. ఈ ఖాళీలోకే ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్లు వచ్చాయి. బాగా నడిచేవి లేవనడం లేదు. కానీ గుండు గీయడం, గొలుసులు వేయడం, కొట్టడం, ఉచితంగా పని చేయించుకోవడం చికిత్స పేరుతో జరిగే చోట్లు ఉన్నాయి. 2017 చట్టం గొలుసులనూ, బలవంతపు గుండునూ, జీతం లేని చాకిరీనీ నిషేధించింది. మానసిక రోగులను చేర్చుకునే ఏ సంస్థ అయినా రిజిస్టరు చేసుకోవాలి.

అదే చట్టంలోని 18వ సెక్షన్ వైద్యం అందించడంలో కులం ఆధారంగా వివక్ష చూపకూడదని పేరుపెట్టి చెబుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, చేతిలో కార్డు ఉన్నా లేకున్నా, ప్రభుత్వ వైద్యం ఉచితం. ఎమర్జెన్సీలో 72 గంటల వరకు రిజిస్టరైన ఏ డాక్టరైనా చికిత్స చేయవచ్చు. కాబట్టి "సైకియాట్రిస్టు లేరు, వెళ్లిపోండి" అన్నది చెల్లదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 115వ సెక్షన్ అంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. అయినా పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

చేర్చుకోమని అంటే ఆ కారణాన్ని ఓపీ చీటీ మీద రాసివ్వమని అడగండి. రాయాల్సి వచ్చేసరికి చాలాసార్లు మాట మారుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంటుంది. ఫోన్ కోసం టెలీ మానస్ 14416, వ్యసనాలకు 14446.

ముందే ఆపడం

నివారణ అంటే స్కూల్లో పుర్రె బొమ్మల పోస్టర్లు అతికించడం అనుకుంటారు. గోవాలో విక్రమ్ పటేల్, అభిజిత్ నాద్కర్ణి బృందం చేసిన పని చూడాలి. డాక్టర్లు కాని స్థానిక మనుషులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హానికరంగా తాగే మగవాళ్లతో నాలుగుకు మించకుండా కౌన్సెలింగ్ కూర్చోబెట్టారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం మంది ప్రమాదకర తాగుడు నుంచి బయటపడ్డారు, పొందనివారిలో 26 శాతం. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ దానికి కావలసింది ఒక గది, రెండు కుర్చీలు, శిక్షణ పొందిన పొరుగింటి మనిషి. డిప్రెషన్‌కు అదే బృందం చేసిన ప్రయోగంలో ఫలితం ఇంకా మెరుగ్గా వచ్చింది: 64 శాతం, 39 శాతం. ఇందులో మొదటిది చెయ్యి వణికే దశకు ఇంకా చేరనివారి కోసం. చేరినవారికి ఆసుపత్రే కావాలి.

ఆశా కార్యకర్త ఇంటింటికీ బీపీ, షుగర్ అడుగుతుంది. ఆ వరుసలోనే నిద్ర, మనసు, మందు గురించి నాలుగు ప్రశ్నలు అడగగలదు, అయితే ఆమెకు ఆ పనికి డబ్బు ఇవ్వాలి. అట్రాసిటీ కేసుల్లో మనం ఎఫ్ఐఆర్, పరిహారం దగ్గర ఆగిపోతున్నాం. చట్టంలోని 15ఏ సెక్షన్ బాధితుల పునరావాసం గురించి చెబుతుంది. దాడి జరిగిన ఆరు నెలలకు ఆ ఇంట్లో ఎవరు నిద్రపోవడం లేదు, ఎవరు కొత్తగా తాగుతున్నారు అని నిజనిర్ధారణ బృందాలు రెండోసారి వెళ్లి చూడాలి. మేమూ అలాంటి బృందాల్లో వెళ్లాం, రెండోసారి వెళ్లింది తక్కువ. యూనివర్సిటీల్లో రోహిత్ వేముల మరణం తర్వాత కౌన్సెలర్ల గురించి మాట్లాడారు. వివక్ష చూపిన గైడు గురించి ఫిర్యాదు తీసుకోని చోట, కౌన్సెలర్ గది తలుపు ఎవరు తడతారు? ఇక మురుగులోకి మనిషిని దింపడం ఆపితే తగ్గే తాగుడును ఏ కౌన్సెలింగూ తగ్గించలేదు.

మొదట్లో చెప్పిన కార్మికుడిని చివరికి ఒక బోధనాసుపత్రి సైకియాట్రీ వార్డులో చేర్చుకున్నారు. యూనియన్ మనిషి వెంట వెళ్లాడు. మూడో వారానికి చెవిలో మాటలు ఆగాయి, నిద్ర వచ్చింది. తాగడం ఆపి ఏడు నెలలైంది, మధ్యలో ఒకసారి దసరాకు తాగి, మర్నాడే భార్యతో కలిసి ఓపీకి వెళ్లాడు. కాంట్రాక్టరు ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టుకున్నాడు, యూనియన్ పోట్లాడితే మళ్లీ తీసుకున్నాడు గానీ కాలువల పని మీదే వేశాడు. మందుల కోసం ఆసుపత్రికి వెళ్లే రోజు, నెలకు ఒకటి, ఇప్పటికీ జీతం కోస్తున్నారు.